కెల్ప్ అడవిలో చల్లనీటి డైవింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో కాలిఫోర్నియా తీరపు కెల్ప్ (చల్లటి సముద్రంలో చెట్లలా పెరిగే శైవలం) అడవుల బొమ్మలు వేశాక ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. ఈసారి పేజీలన్నీ వాటికే. పుదుచ్చేరిలోనో నేత్రాణిలోనో వెచ్చటి నీళ్ళలో డైవింగ్ నేర్చుకుని, ఇప్పుడు అమెరికాలోనో దక్షిణాఫ్రికాలోనో చల్లటి నీళ్ళలో దిగాలనుకుంటున్నవాళ్ళే ఎక్కువమంది రాశారు. జవాబులన్నీ ఒడ్డు నుంచి నడిచి దిగే డైవింగ్ గురించే. పడవ మీద నుంచి దిగడం లెక్క వేరు.

మా అబ్బాయి శాన్‌హోజేలో ఉంటాడు. సెప్టెంబర్‌లో వెళ్తున్నాను. పుదుచ్చేరిలో ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. అప్పుడు కొన్న 3 మి.మీ. వెట్‌సూట్ కాలిఫోర్నియా తీరంలోని మాంటెరేలో సరిపోతుందా? బరువులు ఎన్ని కట్టుకోవాలి?
— వేళచ్చేరి పాఠకురాలు

సరిపోదమ్మా, దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. చెన్నై దగ్గర సముద్రం ఏడాది పొడవునా 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. మాంటెరేలో ఎక్కువ రోజులు 10 నుంచి 15 లోపే. అదే చలి గాలిలో అయితే స్వెటర్‌తో గడిచిపోతుంది. నీళ్ళు మాత్రం ఒంట్లోని వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అక్కడివాళ్ళు వేసుకునేది 7 మి.మీ. సూటు, దానికి తోడు తలకు హుడ్, చేతులకు 5 మి.మీ. గ్లవ్స్, కాళ్ళకు బూట్లు. ఇవన్నీ అక్కడి డైవ్ షాపుల్లో అద్దెకు దొరుకుతాయి. సూటు ఒంటికి బిగుతుగా ఉండాలి. నడుం వెనక, చంకల కింద, మెడ దగ్గర ఖాళీ ఉంటే లోపల వెచ్చబడ్డ నీళ్ళు పోయి ప్రతి కదలికకూ కొత్త చల్లనీళ్ళు దూరతాయి. అలాంటి సూటు ఎంత మందమైనా ఒకటే. ఊపిరి ఆడనంత బిగుతు కూడా వద్దు.

ఇక బరువులు. పుదుచ్చేరిలో మూడు నాలుగు కిలోలతో మునిగి ఉంటారు. మందమైన సూటు నిండా గాలి బుడగలే కాబట్టి అంతతో అక్కడ మునగలేరు. అల్యూమినియం సిలిండర్ అయితే ఒంటి బరువులో పదోవంతు, పైన ఇంకో రెండు కిలోలతో మొదలుపెట్టండి. 60 కిలోల మనిషికి 8 కిలోలు. స్టీల్ సిలిండర్ అయితే అందులో రెండు కిలోల దాకా తగ్గించవచ్చు. ఇది మొదలుపెట్టే లెక్క మాత్రమే, తుది లెక్క నీళ్ళలో తేలుతుంది. నిటారుగా తేలుతూ బీసీడీలో (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) గాలంతా వదిలేసి, మామూలు ఊపిరి పట్టి కదలకుండా ఉండండి. నీటి మట్టం కళ్ళ దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఈ పరీక్ష నిండు సిలిండర్‌తో చేస్తే ఇంకో రెండు కిలోలు కలపాలి, ఎందుకంటే డైవ్‌లో మీరు పీల్చేసే గాలి బరువే రెండు కిలోలకు పైన ఉంటుంది. అది కలపనివాళ్ళు చివర పైకి వచ్చేముందు జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సినప్పుడు ఆగలేక బెండులా పైకి తేలిపోతారు.

ఎక్కువ కట్టుకోవడం అంతకన్నా చెడ్డది. 10 మీటర్ల లోతున సూటులోని బుడగలు దాదాపు సగానికి నలిగిపోతాయి. పైన తేల్చిన సూటు కింద తేల్చదు, అంత వెచ్చగానూ ఉంచదు. అవసరానికి మించి నాలుగు కిలోలు కట్టుకున్న మనిషి రాళ్ళ మీద కాళ్ళీడుస్తూ, బీసీడీ నింపుతూ, వదులుతూ గాలి తగలేస్తాడు. 'కాస్త ఎక్కువే ఉండనీ' అని ఎవరైనా బెల్టుకు ఇంకో ముక్క తగిలించబోతే వద్దనండి.

మొదటి డైవ్‌కి స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకోండి. మాంటెరేలో శాన్ కార్లోస్ బీచ్ పక్కనున్న బ్రేక్‌వాటర్ కొత్తవాళ్ళకు మంచి చోటు. అక్కడి షాపులవాళ్ళు తరగతులు నడిపేదీ అక్కడే. మీరు వెళ్ళే నెల కూడా బాగుంది. ఆ తీరంలో ఎండాకాలం కన్నా సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకానే నీళ్ళు తేటగా ఉంటాయి.

కెల్ప్‌లో కాళ్ళు చిక్కుకుంటే ఎలా? వీడియోలు చూస్తేనే భయమేస్తోంది. కత్తి తప్పనిసరా?
— మారతహళ్ళి, బెంగళూరు

కెల్ప్ మనిషిని పట్టుకోదు. మన సామాన్లలో వేలాడే వస్తువులు దాన్ని పట్టుకుంటాయి. ఫిన్స్ (కాళ్ళకు తొడుక్కునే తెడ్లు) పట్టీల చివరలు, స్నార్కెల్ (ఊపిరి గొట్టం), వేలాడే గేజీ (గాలి ఎంత ఉందో చూపేది), కాలి బయటివైపు కట్టిన కత్తి, సిలిండర్ వాల్వ్, చిక్కులన్నీ ఈ ఐదు చోట్లే. దిగకముందే పట్టీల కొసలు లోపలికి మడిచి టేపు చుట్టండి, లేదా స్ప్రింగ్ పట్టీలు వాడండి. గేజీని ఛాతీకి క్లిప్పు చేయండి. స్నార్కెల్ తీసి జేబులో పెట్టండి. కత్తిని పిక్క లోపలివైపు కట్టండి, బీసీడీ నడుం పట్టీకైతే ఇంకా మంచిది.

అడవిలో ఈత అంతా కింద నుంచే. పైన ఆకులు చాపలా పరుచుకుని ఉన్నా అడుగున కాడల మధ్య హాయిగా తిరిగేంత చోటుంటుంది. కాళ్ళు వెడల్పుగా ఆడించకండి, చిన్న చిన్న తన్నులు చాలు. ఏదో పట్టి లాగినట్టు అనిపిస్తే ఆగిపోండి. వెనక్కి తిరిగి చూడకండి. తిరిగితే ఒక కాడ రెండు చుట్లవుతుంది. ఆగి, ఒక అడుగు వెనక్కి జరిగితే ముప్పాతిక వంతు చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. విడకపోతే తోటి డైవర్‌ను పిలవండి, వాల్వ్ వెనక ఉన్నది మీకు కనబడదు. అదీ కాకపోతే కాడను రెండు చేతులతో పట్టుకుని మునక్కాయ విరిచినట్టు మడిచి విరవండి. జెయింట్ కెల్ప్ కాడ లాగితే తెగదు, మడిస్తే పుటుక్కుమంటుంది. బుల్ కెల్ప్ మొండిది, దానికి కత్తి కావాలి. కత్తి ఉంచుకోవలసింది అసలు చేపల వలలకూ గాలపు దారాలకూ. అవే నిజమైన ప్రమాదం.

పైకి రావడం ఇంకో పని. 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు తలెత్తి చూసి, వెలుతురు పడే ఖాళీ వెతుక్కోండి. మీ బుడగలు పైకి వెళ్ళి ఆకుల్ని కాస్త విడదీస్తాయి, ఆ దారినే చేయి పైకి చాపి నిటారుగా రండి. తల బయటపడ్డాక గిరగిరా తిరగకూడదు. మళ్ళీ దిగాలంటే కాళ్ళు కిందికి పెట్టి నిటారుగానే దిగాలి, తలకిందులుగా కాదు.

గాలి అయిపోయి పైన ఆకుల చాప మీదుగా ఒడ్డుకు చేరాల్సి వస్తే బోర్లా పడుకుని, చేతులు ముందుకు చాచి, ఆకుల్ని ఒంటి కిందికి నొక్కుతూ పాకాలి. చెప్పినంత తేలిక కాదు, యాభై మీటర్లకే ఆయాసం వస్తుంది. ఆ అవస్థ రాకుండా గాలి లెక్క ముందే వేసుకోండి. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) అంటే 2,200 లీటర్లు. తిరుగు ప్రయాణానికీ ఆపదకూ 60 బార్ పక్కన పెడితే మిగిలేది 1,540. స్థిమితంగా ఉన్న డైవర్ ఒడ్డున నిమిషానికి 18 లీటర్లు పీలిస్తే 10 మీటర్ల లోతున, ఒత్తిడి రెట్టింపు కాబట్టి, 36. అంటే నలభై నిమిషాల పైచిలుకు. చలికి వణుకుతూ 25 లీటర్లు పీల్చేవాళ్ళకు అరగంటే. దిగేముందు దిక్సూచిలో ఒడ్డు దిశ చూసి గుర్తుపెట్టుకోండి, అడవిలో అన్ని కాడలూ ఒకేలా ఉంటాయి.

మన బంగాళాఖాతంలో కెల్ప్ ఎందుకు లేదు?
— పెరంబూర్ నుంచి ఒక కాలేజీ విద్యార్థి

వేడి వల్ల, తమ్ముడూ. కెల్ప్‌లు చల్లటి, పోషకాలు దండిగా ఉన్న నీళ్ళు కోరే గోధుమరంగు శైవలాలు. నీళ్ళు 20 డిగ్రీలు దాటి ఉండిపోతే చాలా రకాలు క్షీణిస్తాయి. కాలిఫోర్నియాలో గాలులు పైనీటిని తీరం నుంచి నెట్టేస్తే అడుగు నుంచి నైట్రేట్లు నిండిన చల్లనీళ్ళు పైకొస్తాయి. అక్కడ జెయింట్ కెల్ప్ అనుకూలమైన రోజుల్లో రోజుకు ఒక అడుగుకు పైగా పెరుగుతుంది. మన దగ్గర మండపం, రామేశ్వరం వైపు రాళ్ళ మీద కనిపించేది సార్గాసమ్. అదీ గోధుమరంగు శైవలమే, గాలి బుడ్డలతో తేలుతుంది, కానీ కెల్ప్ కాదు.

మనకు దగ్గర్లో కెల్ప్ చూడాలంటే ఒమన్ దక్షిణాన ధోఫార్ తీరం. నైరుతి రుతుపవనాల నెలల్లో అక్కడ కూడా అడుగు నీళ్ళు పైకొచ్చి సముద్రం చల్లబడుతుంది. అప్పుడే ఎక్లోనియా రేడియాటా అనే కెల్ప్ పెరుగుతుంది. చిక్కేమిటంటే ఆ నెలల్లో అలలు డైవింగ్‌కు ఒప్పవు.

బెసంట్ నగర్ బీచ్‌లో అలలు చూస్తూ పెరిగినవాళ్ళం. అంత బరువు మోసుకుని ఒడ్డు నుంచి ఎలా దిగుతారు? ఎలా ఎక్కుతారు?
— తిరువాన్మియూర్ దంపతులు

అసలు ప్రశ్న మీదే. కెల్ప్ గురించి పది ఉత్తరాలొస్తే దీని గురించి ఒక్కటి వచ్చింది. ఒడ్డు డైవింగ్‌లో దెబ్బలు తగిలేది మోకాలి లోతుకూ ఛాతీ లోతుకూ మధ్యనే.

సామాన్లు వేసుకోకముందు పది పదిహేను నిమిషాలు నిలబడి నీళ్ళు చూడండి. అలలు జట్లుగా వస్తాయి. కొన్ని చిన్నవి, ఆ తర్వాత వరసగా పెద్దవి, మళ్ళీ విరామం. పెద్ద జట్టు ఎంత ఎత్తు వస్తోందో, విరామం ఎంతసేపో చూసుకోవాలి. విరిగే అల నడుం దాటితే కొత్తవాళ్ళు ఆ రోజుకు కాఫీ తాగి వెనక్కి రావడమే. వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి, అలకూ అలకూ మధ్య వ్యవధి కూడా చూడండి. ఒక మీటరు అల 8 సెకన్లకొకసారి వస్తే ఒక తీరు, అదే మీటరు 16 సెకన్ల వ్యవధితో వస్తే ఒడ్డు దగ్గర చాలా పెద్దదై విరుగుతుంది, అడుగున ఊపూ లోతుగా ఉంటుంది. కార్మెల్ దగ్గర మొనాస్టరీ బీచ్ లాంటి నిటారు ఇసుక ఒడ్డుల్లో సముద్రం ప్రశాంతంగా కనబడుతూనే మనిషిని కూలదోస్తుంది. అక్కడికి పోనేవద్దు.

దిగేటప్పుడు మాస్క్ ముఖానికి, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునే పరికరం) నోట్లో, బీసీడీలో సగం గాలి. ఈ మూడూ నీళ్ళు తాకకముందే అయిపోవాలి. ఒక చేత్తో మాస్క్ పట్టుకోండి. ఫిన్స్ విషయంలో రెండు పద్ధతులున్నాయి. అలలు చిన్నగా ఉంటే ఛాతీ లోతు దాకా నడిచి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొడుక్కోవచ్చు. అలలు కాస్త ఉంటే ఒడ్డునే తొడుక్కుని వెనక్కి నడుస్తూ, భుజం మీదుగా అలల్ని చూస్తూ పాదాలు ఈడ్చుకుంటూ దిగాలి. ఫిన్స్ తొడుక్కుని ముందుకు నడిస్తే వాటి కొసలు నీళ్ళలో మడతపడి బోర్లా పడతారు. అల విరిగే చోట ఆగడం వద్దు. తొడ లోతు దాటగానే పడుకుని ఈత కొట్టేయండి. ఎదురొచ్చే అల కిందికి తల వంచి దూరండి, దాని మీదికి ఎగరబోకండి.

ఎక్కేటప్పుడు తొందరపడేవాళ్ళే దెబ్బ తింటారు. అలలు విరిగే గీతకు అవతలే ఆగి, మళ్ళీ జట్లు లెక్కపెట్టి, పెద్దవి పోయాక ఆఖరి అల వెన్నంటి రండి. నీళ్ళు మోకాళ్ళ లోతుకు వచ్చినా లేచి నిలబడకండి. నాలుగు కాళ్ళ మీద పొడి ఇసుక దాకా పాకండి. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీయండి. అప్పటిదాకా రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి. అందుకే కనీసం 40 బార్ మిగిల్చుకోమంటాం. సముద్రంలోకి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు పోరాడకుండా ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదండి. ఇది మెరీనాలోనైనా మాంటెరేలోనైనా ఒకటే.

దిగిన నిమిషంలో కళ్ళు తిరిగాయి, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. అర నిమిషంలో తగ్గింది. గుండె జబ్బేమో?
— బీటీఎం లేఅవుట్, బెంగళూరు

మీరు చెప్పిన తీరు చూస్తే చెవి పనిలాగే ఉంది. హుడ్ ఒక చెవిని గట్టిగా మూసి, రెండో చెవిలోకి చల్లనీళ్ళు ముందు పోతే, లోచెవిలో ఒకవైపే చల్లబడి తల తిరుగుతుంది. ఒడ్డున ఉండగానే హుడ్ అంచు ఎత్తి రెండు చెవుల్లోకీ నీళ్ళు పోనివ్వండి. హుడ్ కింద చెవి బయటి గొట్టంలో గాలి చిక్కినా అది సమం కాక నొప్పి పుడుతుంది, దానికీ ఇదే మందు. తల తిరిగినప్పుడు ఒక కాడనో రాయినో పట్టుకుని కదలకుండా ఆగితే రెండు చెవులూ ఒకే చలికి వచ్చి సర్దుకుంటుంది. మళ్ళీ మళ్ళీ వస్తున్నా, ఛాతీలో ఇబ్బంది ఉన్నా, ఒడ్డుకొచ్చాక కూడా వదలకపోయినా వైద్యుణ్ణి చూడకుండా దిగకండి.

రెగ్యులేటర్ గడ్డకట్టడం అంటే ఏమిటి? మన రెగ్యులేటర్ తీసుకుపోవచ్చా?
— కోరమంగళ, బెంగళూరు

సిలిండర్‌లో 200 బార్ గాలి ఒక్కసారిగా తక్కువ ఒత్తిడికి వచ్చేటప్పుడు బాగా చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళు కూడా చల్లగా ఉంటే కవాటం దగ్గర మంచు కట్టి, అది మూసుకోకుండా ఇరుక్కుపోతుంది. గాలి ఆగకుండా కొట్టుకుపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల లోపుంటే చల్లనీళ్ళు. మీ రెగ్యులేటర్ మీద ఆ ప్రమాణం పక్కన '>10' అని ఉంటే అది చల్లనీళ్ళకు కాదు. వసంతకాలపు మాంటెరేకూ కేప్‌టౌన్ అట్లాంటిక్ వైపుకూ మొదటి స్టేజీ (సిలిండర్‌కు బిగించే భాగం) లోపలికి నీళ్ళు చేరకుండా మూసి ఉన్నది అద్దెకు తీసుకోవడమే మేలు.

ఒడ్డున చల్లగాలిలో రెగ్యులేటర్‌ను పదేపదే పీల్చి చూడకండి, పర్జ్ మీట (రెగ్యులేటర్ నుంచి గాలిని బయటికి వదిలేది) నొక్కి పట్టకండి. బీసీడీని చిన్న చిన్న నొక్కుళ్ళతోనే నింపండి. గాలి కొట్టుకుపోవడం మొదలైతే పెదాలు బిగించకుండా పక్కనుంచి పోయేది పోనిచ్చి, కావలసినంత పీల్చండి. తోటి డైవర్ రెండో రెగ్యులేటర్ అందుకుని, ఇద్దరూ కలిసి నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రండి. ఆ రోజుకు డైవింగ్ అయిపోయినట్టే.

అక్కడ చూడవలసినవి ఏమిటి? సొరచేపలు?
— బసవనగుడి, బెంగళూరు

అందరూ పెద్ద జంతువుల కోసం దూరంగా చూస్తూ ఈదేస్తారు. ఒక్క కెల్ప్ ఆకు తిప్పి చూస్తే తెల్లటి జాలీలాంటి పొర కనిపిస్తుంది. అది బ్రయోజోవన్లనే వేలాది చిట్టి జీవుల కాలనీ, వాటిని తినడానికి నూడిబ్రాంక్‌లు (గుల్లలేని సముద్రపు నత్తలు) వస్తాయి. అడుగున రాతిని పట్టుకునే హోల్డ్‌ఫాస్ట్ వేళ్ళలా కనిపిస్తుంది కానీ నీళ్ళు పీల్చదు, పట్టుకోవడానికే. ఆ సందుల్లో పీతలు, బ్రిటిల్ స్టార్‌లు (సన్నటి చేతుల నక్షత్ర జీవులు) నిండి ఉంటాయి. రాక్‌ఫిష్‌లు నీటి మధ్యలో కాడల పక్కన కదలకుండా నిలబడతాయి. మెల్లగా వెళ్తే మీ పక్కనే ఉండిపోతాయి. దక్షిణ కాలిఫోర్నియాలో అయితే నారింజరంగు గారిబాల్డి చేప. దాన్ని పట్టడం నేరం.

సముద్రపు ఆటర్లు (నీటికుక్కలు) ఆకులు ఒంటికి చుట్టుకుని పడుకుంటాయి. వాటి దగ్గరికి పోవద్దు. సముద్రపు క్షీరదాలను వేధించడం 1972 చట్టం కింద నేరం. హార్బర్ సీళ్ళు మాత్రం వాటంతట అవే వచ్చి ఫిన్స్ కొరికి చూస్తాయి, కదలకుండా ఉంటే విసుగొచ్చి పోతాయి. ఆటర్లు ముళ్ళజీవులైన అర్చిన్లను తిని అడవిని కాపాడతాయి. 2013 నుంచి నక్షత్ర చేపలకు ఒక తెగులొచ్చి, అర్చిన్లను తినే సన్‌ఫ్లవర్ సీ స్టార్ దాదాపు లేకుండా పోయింది. వెంటనే 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కింది. ఊదారంగు అర్చిన్లు విచ్చలవిడిగా పెరిగి, ఉత్తర కాలిఫోర్నియాలో 90 శాతానికి పైగా బుల్ కెల్ప్ పోయింది. కొన్ని చోట్ల ఇప్పుడు అడుగున కనిపించేది ముళ్ళ పరుపే. మోకాళ్ళు ఆనించే అలవాటుంటే అక్కడ తప్పక మానుకుంటారు.

కేప్‌టౌన్ దగ్గర ఫాల్స్ బేలో చారల పైజామా షార్క్‌లు, ఏడు మొప్పల సెవెన్‌గిల్‌లు కెల్ప్ మధ్య తిరుగుతాయి. చేయి చాపకుండా, దారికి అడ్డం పోకుండా ఉంటే అవి మనల్ని పట్టించుకోవు.

కెమెరా హౌసింగ్ లోపల ఆవిరి పట్టి బొమ్మలన్నీ మసకగా వచ్చాయి. నీళ్ళు కారలేదు. ఎందుకని?
— అంబత్తూర్

తేమ గాలిని లోపల పెట్టి మూత వేశారు. ఉక్క ఉన్న చోట, వంటగది దగ్గరో స్నానాల గది పక్కనో, హౌసింగ్ మూస్తే ఆ గాలిలోని తేమ 12 డిగ్రీల నీళ్ళలో అద్దం మీద చేరుతుంది. ఏసీ గదిలో అరగంట తెరిచి ఉంచి అక్కడే మూయండి. లోపల కొత్త సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టండి. మూశాక ఎండలోనో వేడెక్కిన కారులోనో ఉంచకండి. ఫ్లాష్‌లు లెన్స్ పక్కనే కాకుండా చేతులు చాచినంత దూరంగా పెడితే నీళ్ళలోని నలుసులు తెల్లచుక్కలై పడటం తగ్గుతుంది. ఆకుపచ్చ నీళ్ళలో ఒక మీటరు కన్నా దూరం నుంచి తీసిన బొమ్మ ఏదీ పెద్దగా పనికిరాదు.

డైవ్ అయ్యాక ఎన్ని గంటలకు విమానం ఎక్కవచ్చు?
— ఎగ్మూరు

ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒక రోజులో రెండు మూడు చేసినా వరసగా కొన్ని రోజులు చేసినా 18. పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన (డికంప్రెషన్) డైవ్ అయితే ఒక రోజు పైనే ఆగండి. టికెట్ కొనేముందే ఈ లెక్క చూసుకోండి.

తిరిగొచ్చాక సామాన్లు ఇంట్లో కడిగి దాచడం ఎలా? మాకు బోరు నీళ్ళే.
— మడిపాక్కం

బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువగా ఉంటే రెగ్యులేటర్ లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్ళు బకెట్‌లో పట్టి వాడుతుంటారు చాలా ఇళ్ళల్లో. అవి ఇంకా ఉప్పగా ఉంటాయి, వీటికి అసలు వద్దు. మెట్రో నీళ్ళో వాన నీళ్ళో ఒక పెద్ద టబ్బులో పట్టి అరగంట నానబెట్టండి. మొదటి స్టేజీకి దుమ్ము మూత పొడిగా తుడిచి బిగించాకే నీళ్ళలో పెట్టాలి. నానుతున్నప్పుడు పర్జ్ మీట నొక్కితే నీళ్ళు గొట్టం వెంట లోపలికి పోతాయి. బీసీడీలోకి ఒక లీటరు మంచినీళ్ళు పోసి, ఊదిపెట్టి, అన్ని మూలలకూ తిప్పి, తలకిందులుగా పట్టి వంచేయండి.

సూటును లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి. మేడ మీద ఎండలో వేస్తే రెండు వేసవుల్లో రబ్బరు పెళుసెక్కుతుంది. సన్నటి హ్యాంగర్ భుజాల దగ్గర గాడి కొట్టేస్తుంది, వెడల్పాటిది వాడండి, లేదా మంచం కింద మడవకుండా పరిచి ఉంచండి. చెన్నై ఉక్కలో పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది. తడి ఉండగా సంచిలో పెడితే బూజు వాసన ఎంత ఉతికినా పోదు. కొత్త 7 మి.మీ. సూటు వేసుకుని ఇంటి దగ్గరి ఈతకొలనులో సాధన చేయాలనుకుంటే తెల్లవారుజామున, పావుగంట మించకుండా చేయండి. దాన్ని వేసుకుని ఎండలో గట్టు మీద నిలబడితే వడదెబ్బ ఖాయం.